మన ఊరి నాడి మనమే చూద్దాం

ఊళ్ళో ఒక చావు జరిగింది. చూడటానికి వెళ్ళిన వాళ్ళు "ఎలా పోయాడమ్మా?" అని అడుగుతారు.

"ఏం చెప్పమంటారండీ. పొద్దున్నే చేలోకి వెళ్ళొచ్చాడు. గుండెల్లో మంటన్నాడు. సోడా తాగాడు. కాసేపు పడుకుంటానన్నాడు. మరి లేవలేదండీ" అంటుంది ఆ ఇల్లాలు.

"ఆయుష్షు అంతే తల్లీ" అని ఓదారుస్తారు. దినం అయిపోతుంది. ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

మరుసటి నెల ఇంకో వీధిలో ఒక పెద్దావిడకి కాలూ చెయ్యీ పడిపోతాయి. "గాలి సోకింది" అంటారు. ఆ పై నెల పేటలో ఒక కుర్రాడు చీకట్లో కాలువ గట్టు మీద బండి మీంచి పడి పోతాడు. "వాడి తలరాత" అంటారు.

ఒక్కో గుమ్మం ముందు నిలబడి చూస్తే ఇవి వేరే వేరే కష్టాలు. మరి అన్నీ కలిపి చూస్తే? ఏడాది పొడుగునా మన ఊళ్ళో జరిగిన చావులన్నీ ఒక కాగితం మీద రాసి చూస్తే? అప్పుడు తలరాత అనుకున్నది లెక్కగా కనపడుతుంది. లెక్క కనపడితే దారి కూడా కనపడుతుంది.

డాక్టరు ముందు నాడి చూస్తాడు. తర్వాతే మందు రాస్తాడు. ఊరికి కూడా నాడి ఉంటుంది. ఊరి నాడి చూడకుండా ఊరికి మందు వెయ్యలేం. ఆ నాడి ఎలా చూడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మాటలతో పోస్టుమార్టం

ఇది మన గోదావరి జిల్లాల్లోనే జరిగిన సంగతి.

పల్లెటూళ్ళలో చాలామంది ఇంటి దగ్గరే చనిపోతారు. డాక్టరు చూడడు. ఏ జబ్బుతో పోయారో ఎవరూ రాయరు. మరి ఊళ్ళో ఏ జబ్బు ఎక్కువ ప్రాణాలు తీస్తోందో తెలిసేదెలా?

2003, 2004 సంవత్సరాల్లో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో ఈ సంగతి కనుక్కోవాలని కొందరు పూనుకున్నారు. హైదరాబాదులోని బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్, ఆస్ట్రేలియా దేశంలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఇందులో ఉన్నాయి. ఆ 45 ఊళ్ళలో మొత్తం జనం 1,80,162 మంది.

వాళ్ళు చేసిన పని చాలా తేలికైనది. ఎవరైనా చనిపోతే, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళేవారు. ఇంటి వాళ్ళ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగేవారు. ఎన్నాళ్ళు బాగోలేదు? జ్వరం వచ్చిందా? దగ్గు ఉందా? గుండెల్లో నొప్పి వచ్చిందా? ఆయాసం ఉందా? చెమటలు పట్టాయా? మాట పడిపోయిందా? దెబ్బ ఏమన్నా తగిలిందా? చెప్పినవన్నీ కాగితం మీద రాసుకునేవారు. ఆ కాగితాలు డాక్టర్లు చదివి, చావుకి కారణం ఇదీ అని తేల్చేవారు.

శరీరాన్ని కోసి చూస్తే అది పోస్టుమార్టం. ఇది మాటలతో చేసిన పోస్టుమార్టం. ఇక్కడ కత్తి అక్కర్లేదు. ఓపికగా అడిగే మనిషి కావాలి. దాచకుండా చెప్పే ఇల్లాలు కావాలి. రాసుకోవడానికి కాగితం కావాలి.

ఒక్క ఏడాదిలో 1,354 చావుల వివరాలు ఇలా రాశారు. నూటికి 98 చావుల సంగతి తెలుసుకోగలిగారు.

30 చింతపిక్కల లెక్క

1,354 అంటే పెద్ద అంకె. దాన్ని మన ఊరంత చేసి చూద్దాం.

45 ఊళ్ళలో 1,80,162 మంది. అంటే సగటున ఒక్కో ఊళ్ళో సుమారు 4,000 మంది. 45 ఊళ్ళలో 1,354 చావులు. అంటే సగటున ఒక్కో ఊళ్ళో ఏడాదికి సుమారు 30 చావులు.

ఇప్పుడు 30 చింతపిక్కలు తీసుకోండి. ఒక్కో పిక్క ఒక మనిషి అనుకోండి. ఆ 45 ఊళ్ళ లెక్క ప్రకారం కుప్పలు పెడదాం.

మొదటి కుప్పలో 10 పిక్కలు పెట్టండి. ఇవి గుండె జబ్బులు, పక్షవాతం లాంటి రక్తనాళాల జబ్బులు. నూటికి 32 చావులు వీటివల్లే. గుండె జబ్బుతో పోయిన వాళ్ళు, పక్షవాతంతో పోయిన వాళ్ళు దాదాపు సమానంగా ఉన్నారు.

రెండో కుప్పలో 4 పిక్కలు పెట్టండి. ఇవి ప్రమాదాలు, దెబ్బలు లాంటివి. నూటికి 13. ఇందులో మూడో వంతు మంది మనసు కష్టంతో తమ ప్రాణం తామే తీసుకున్న వాళ్ళు.

మూడో కుప్పలో కూడా 4 పిక్కలు పెట్టండి. ఇవి అంటుజబ్బులు. నూటికి 12. ఇందులో మూడో వంతు క్షయ, మూడో వంతు పేగుల జబ్బులు.

నాలుగో కుప్పలో 2 పిక్కలు. ఇవి క్యాన్సర్లు. నూటికి 7.

ఐదో కుప్పలో 1 లేదా 2 పిక్కలు. ఇవి ఊపిరితిత్తుల జబ్బులు. నూటికి 5.

మిగిలిన పిక్కలు ఇతర కారణాలు.

ఏ కుప్ప పెద్దది? మొదటిదే కదా. గుండె జబ్బు, బీపీ పట్నం వాళ్ళ జబ్బులు, డబ్బున్న వాళ్ళ జబ్బులు అని మనం అనుకునేవాళ్ళం. ఎండలో పనిచేసే మనకెందుకొస్తాయి అనుకునేవాళ్ళం. లెక్క వేరేలా చెప్పింది. ఊడ్పులు ఊడ్చే చేతుల్లో కూడా బీపీ ఉంది. కొబ్బరి చెట్టెక్కే మనిషికి కూడా గుండెపోటు వస్తుంది.

ఇదే ప్రాంతంలోని 20 పల్లెల్లో 30 ఏళ్ళు దాటిన 4,535 మందిని పరీక్షించారు. నూటికి 13 మందికి షుగరు ఉందని తేలింది. అందులో సగం మందికి ఆ రోజు దాకా తమకు షుగరు ఉందని తెలియనే తెలియదు.

చప్పుడు చెయ్యని జబ్బు

జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. విరేచనాలైతే నీరసం వస్తుంది. జబ్బు వచ్చిందని మనకు తెలుస్తుంది. బీపీ అలా కాదు. చాలామందికి నొప్పి ఉండదు. బాధ ఉండదు. లోపల పని చేసుకుంటూ పోతుంది.

బీపీ అంటే ఏమిటి? కాలువలో నీరు పారినట్టు రక్తనాళాల్లో రక్తం పారుతుంది. కాలువలో నీటి ఒత్తిడి ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది. ఒకనాటికి గండి పడుతుంది. రక్తనాళాల్లో కూడా అంతే. ఒత్తిడి ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నాళాలు దెబ్బతింటాయి. మెదడులో నాళం చిట్లినా, పూడుకుపోయినా పక్షవాతం వస్తుంది. గుండె నాళం పూడుకుపోతే గుండెపోటు వస్తుంది.

బీపీ కొలిస్తే రెండు అంకెలు చెబుతారు. పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ దాటి, రెండు మూడుసార్లు చూసినా అలాగే ఉంటే బీపీ ఉన్నట్టు. 30 ఏళ్ళు దాటిన వాళ్ళందరూ ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి.

ఉప్పు తగ్గించాలి. ఒక మనిషికి రోజుకి ఒక చిన్న చెంచా ఉప్పు చాలు. కూరలో వేసేదీ, ఆవకాయలో ఉండేదీ, ఎండు చేపల్లో ఉండేదీ అన్నీ కలిపి అంతే. చుట్ట, బీడీ, సారా మానాలి. డాక్టరు మాత్రలు రాస్తే రోజూ వేసుకోవాలి. "బాగానే ఉంది కదా, ఇంకెందుకు మాత్ర" అని మానేస్తే మళ్ళీ పెరుగుతుంది. మాత్ర వేసుకుంటున్నాం కాబట్టే బాగుంది.

ఈ గుర్తులు కూడా తెలుసుకోండి. మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం, ఇవి పక్షవాతం గుర్తులు. గుండెల మీద బరువు పెట్టినట్టు ఉండటం, చెమటలు పట్టడం, నొప్పి చేతికీ దవడకీ పాకడం, ఇవి గుండెపోటు గుర్తులు. ఆడవాళ్ళలో ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, విపరీతమైన నీరసం మాత్రమే ఉంటాయి. సోడా తాగి పడుకోకూడదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. పక్షవాతానికి మొదటి నాలుగు గంటలు చాలా విలువైనవి.

లండన్‌లో ఒక పంపు కథ

ఊరి నాడి చూడటం కొత్త పద్ధతేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత రెండేళ్ళకి, అంటే 1854లో, లండన్ నగరంలో ఒక పేటలో కలరా వచ్చింది. కొద్ది వారాల్లో 600 మందికి పైగా చనిపోయారు. చెడు గాలి వల్ల కలరా వస్తుందని అప్పట్లో పెద్ద పెద్ద డాక్టర్లు కూడా నమ్మేవారు.

జాన్ స్నో అనే డాక్టరు ఆ మాట నమ్మలేదు. ఆయన ఇంటింటికీ తిరిగాడు. ఎవరు చనిపోయారు, ఏ నీళ్ళు తాగారు అని అడిగాడు. ఆ పేట పటం మీద ఏ ఇంట్లో చావు జరిగితే అక్కడ గుర్తు పెట్టాడు. గుర్తులన్నీ ఒక వీధిలోని చేతిపంపు చుట్టూ గుమిగూడాయి. ఆ పంపు దగ్గర్లోనే సారాయి లాంటి బీరు తయారుచేసే చోటుంది. అక్కడి పనివాళ్ళలో కలరాతో ఎవరూ చనిపోలేదు. ఎందుకంటే వాళ్ళు ఆ పంపు నీళ్ళు తాగలేదు. చాలా దూరాన ఉన్న ఒక ముసలావిడ మాత్రం కలరాతో చనిపోయింది. ఎందుకంటే ఆ నీళ్ళ రుచి నచ్చి రోజూ తెప్పించుకునేది.

స్నో తన లెక్క పెద్దలకు చూపించాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీశారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టింది. అయినా మళ్ళీ చెలరేగకుండా ఆ పని అడ్డుపడింది. తర్వాత ఇంకో సంగతి తెలిసింది. పక్కింట్లో జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు మురుగు గుంటలో పోశారు. ఆ గుంట నుంచి మురుగు బావిలోకి ఊరింది.

కలరా పురుగు ఎలా ఉంటుందో స్నోకి తెలియదు. మన దేశంలో కలకత్తాలో రాబర్ట్ కాక్ అనే శాస్త్రవేత్త ఆ పురుగును పట్టుకున్నది 1884లో. అంటే కాక్ ఆ పురుగును పట్టుకోవడానికి 30 ఏళ్ళ ముందే లెక్క దారి చూపించింది. అడగడం, రాయడం, పటం గీయడం. ఇంతే.

మన డెల్టా నీళ్ళు

ఈ కథ విన్నప్పుడు మన కాలువలు గుర్తుకు రావాలి. గోదావరి కాలువలే మనకు సార్వా, దాళ్వా పంటలిస్తున్నాయి. ఆ కాలువ నీళ్ళే చాలా ఊళ్ళలో మంచినీళ్ళ చెరువులోకి వస్తాయి. అక్కడి నుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి కుళాయికి వస్తాయి. దాళ్వా అయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. కాలువ కట్టెయ్యక ముందే చెరువు నింపుకోవాలి. మళ్ళీ కాలువ వదిలేదాకా ఆ నీళ్ళే గతి.

సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. చేపల చెరువులు, రొయ్యల చెరువులు పెరిగిన చోట ఆ నీళ్ళు డ్రైన్లలో కలుస్తాయి. కాలువ గట్ల మీద బహిర్భూమికి వెళితే వాన నీటితో అదంతా కాలువలోకే వస్తుంది. పై ఊరి వాళ్ళు కడిగింది కింది ఊరి వాళ్ళు తాగుతారు.

కాబట్టి మన ఊరి నీటి సంగతి ఇలా అడగాలి. చెరువుకు కంచె ఉందా? గేదెలు దిగుతున్నాయా? ట్యాంకు ఎప్పుడు కడిగారు? క్లోరిన్ కలుపుతున్నారా? పైపు ఎక్కడైనా మురుగు కాలువలోంచి పోతోందా? చివరి ఇంటి కుళాయికి నీళ్ళు వస్తున్నాయా? పేటకి వస్తున్నాయా?

నిలిచిన మురుగు దోమలకు పుట్టిల్లు. బోదకాలు మన డెల్టాకు పాత జబ్బు. దోమకాటుతోనే ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. ఆ పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి. అందుకే ఈ జబ్బు ఉందో లేదో చూడటానికి ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వచ్చి రక్తం తీసుకునేవారు. దేశమంతటా ఈ జబ్బున్న జిల్లాల్లో 2004 నుంచి ఇంటింటికీ మాత్రలు పంచే కార్యక్రమం మొదలైంది. ఒకరు మింగి, పక్కవాళ్ళు మానేస్తే జబ్బు పోదు. ఊరంతా మింగితేనే పోతుంది. ఊరి ఆరోగ్యం అంటే ఇదే. ఒక్క ఇంటితో అయ్యే పని కాదు.

చావుల లెక్కలో కనపడని జబ్బులు

చావుల లెక్క చాలా సంగతులు చెబుతుంది. అన్నీ చెప్పదు.

రక్తం తక్కువైన ఆడమనిషి చాలాసార్లు వెంటనే చనిపోదు. పొద్దున్న లేస్తుంది. వండుతుంది. కూలికి వెళుతుంది. కళ్ళు తిరుగుతాయి. ఆయాసం వస్తుంది. "ఆడపుట్టుక ఇంతే" అనుకుంటుంది. చావుల కాగితంలో ఆమె పేరు ఉండదు. కానీ 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 59 మందికి రక్తం తక్కువగా ఉంది. అంటే పది మంది కూర్చుంటే ఆరుగురికి.

తెల్లబట్ట, గర్భసంచి జారడం, నడుం నొప్పి, పొయ్యి పొగతో దగ్గు, తాగొచ్చిన మొగుడి దెబ్బలు, ఇవి కూడా చావుల లెక్కలో ఉండవు. మగవాళ్ళు కూర్చున్న మీటింగులో ఇవి చెప్పలేం. అందుకే ఊరి నాడి చూసేటప్పుడు ఆడవాళ్ళు విడిగా ఒకసారి కూర్చోవాలి.

ముగ్గుతో ఊరి పటం

మన సంఘం మీటింగులో ఇలా అన్నాం అనుకోండి. అక్కడున్న పెద్దావిడ "మనకేం తెలుస్తుందమ్మా? డాక్టర్లు చూసుకోవాలి గానీ" అంటుంది.

"పిన్నీ, ఏ ఇంట్లో ఎవరికి బాగోలేదో డాక్టరుగారి కంటే మనకే ముందు తెలుస్తుంది కదా?"

"అది నిజమేలే" అంటుంది.

"డాక్టరుగారికి జబ్బు తెలుసు. మనకు ఊరు తెలుసు. రెండూ కలవాలి పిన్నీ."

ముందు చోటు చూసుకోండి. రావిచెట్టు కింద గానీ, బడి ఆవరణలో గానీ నేల ఊడ్చి నీళ్ళు చల్లండి. ముగ్గుపిండితో ఊరు గీయండి. కాలువ గీయండి. రోడ్డు గీయండి. గుడి, చర్చి, మసీదు, బడి, అంగన్‌వాడీ పెట్టండి. వీధి వీధీ గీయండి. పేట మర్చిపోకండి. కాలువ గట్టు మీది పాకలు, ఇటుక బట్టీకి వలస వచ్చిన వాళ్ళ గుడిసెలు మర్చిపోకండి. మామూలుగా జబ్బు ముందు వచ్చేదీ, సాయం చివరికి చేరేదీ అక్కడే. పటంలో లేని ఇల్లు ప్రణాళికలో కూడా ఉండదు.

తర్వాత గుర్తులు పెట్టండి. పోయిన ఏడాది చావు జరిగిన ఇంటి దగ్గర బొగ్గు ముక్క. నిండు చూలాలు ఉన్న ఇంటి దగ్గర పసుపు. బీపీ, షుగరు మాత్రలు వేసుకునే వాళ్ళున్న ఇంటి దగ్గర కుంకుమ. విరేచనాలు వచ్చిన ఇంటి దగ్గర ఆకు. మరుగుదొడ్డి లేని ఇంటి దగ్గర గులకరాయి. కుళాయిలు, బోరింగులు, మురుగు నిలిచే చోట్లు కూడా గుర్తు పెట్టండి.

ఇప్పుడు లేచి నిలబడి చూడండి. ఆకులన్నీ ఒకే కుళాయి చుట్టూ ఉన్నాయా? గులకరాళ్ళు ఒకే వీధిలో ఉన్నాయా? పటం మాట్లాడుతుంది.

ఒక జాగ్రత్త. క్షయ, ఎయిడ్స్, ప్రాణం తీసుకోవడం లాంటి సంగతులు పదిమందిలో పేరు పెట్టి మాట్లాడకూడదు. వాటిని ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో ఆ ఇంటి వాళ్ళతో ఏకాంతంగా మాట్లాడాలి. మనకు కావలసింది లెక్క. ఎవరి పరువూ తీయడం కాదు.

పటం అయ్యాక దాన్ని కాగితం మీదకు ఎక్కించండి. ముగ్గు వానకు పోతుంది. కాగితం ఉంటుంది. అక్షరం వచ్చిన మన చెయ్యి ఇక్కడే పనికొస్తుంది.

ఏది ముందు?

కష్టాలు చాలా ఉంటాయి. అన్నీ ఒకేసారి చెయ్యలేం. ఒక్కో కష్టానికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఎంతమందికి ఉంది?

ప్రాణానికి ఎంత ముప్పు?

రాకుండా ఆపగలమా?

మన చేతిలో ఎంత ఉంది? ఇంకొకరిని అడగాల్సింది ఎంత?

ఒక్కో కష్టానికి ఒక బొమ్మ గీసి నేల మీద పెట్టండి. ఒక్కొక్కరికి 5 చింతపిక్కలు ఇవ్వండి. ఎవరికి ఏది ముఖ్యం అనిపిస్తే దాని మీద పిక్కలు పెట్టమనండి. సర్పంచి గారి భార్యకీ 5 పిక్కలే. కూలికి వెళ్ళే అక్కకీ 5 పిక్కలే. ఎక్కువ పిక్కలు పడిన మూడు పనులు ఈ ఏడాదివి.

ఎవరు, ఎప్పుడు, ఎంత?

"నీళ్ళు బాగుచెయ్యాలి" అంటే అది కోరిక. ప్రణాళిక కాదు. ప్రణాళిక అంటే ఏం చెయ్యాలి, ఎవరు చెయ్యాలి, ఎప్పటికి చెయ్యాలి, ఎంత ఖర్చు అని రాసుకోవడం. ఇలా రాయవచ్చు.

పని: ట్యాంకు కడగడం. ఎవరు: పంచాయతీ. ఎవరు అడగాలి: సంఘంలో ఇద్దరు. ఎప్పుడు: కాలువ కట్టెయ్యక ముందు. తేదీ ట్యాంకు మీదే రాయించాలి.

పని: 30 ఏళ్ళు దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగరు పరీక్ష. ఎవరు: ఏఎన్ఎం, ఆశా. మన పని: వీధికొకరు చొప్పున ఇంటింటికీ చెప్పి తీసుకురావడం. ఎప్పుడు: ఊడ్పులు మొదలు కాకముందే. కూలికి వెళ్ళే వాళ్ళ కోసం సాయంత్రం పూట.

పని: గర్భిణులందరికీ రక్త పరీక్ష, ఐరన్ మాత్రలు. ఎవరు: ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు. మన పని: మాత్ర ఇచ్చారా అని మాత్రమే కాదు, మింగుతోందా అని చూడటం.

ఇందుకు మనకు దారులు ఉన్నాయి. మైదాన ప్రాంతాల్లో 30,000 జనాభాకి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 జనాభాకి ఒక ఉపకేంద్రం ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. పల్లెల్లో సుమారు 1,000 మందికి ఒక ఆశా కార్యకర్త అప్పటి నుంచే వచ్చారు. ఊరి ఆరోగ్య, పారిశుధ్య కమిటీలు కూడా అప్పుడే వచ్చాయి. ఆ కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల నిధి ఏర్పాటు చేశారు. మన ఊళ్ళో ఆ కమిటీలో ఎవరున్నారు? ఎప్పుడు కూర్చున్నారు? నిధి వచ్చిందా? దేనికి ఖర్చు పెట్టారు? గ్రామసభలో ఈ ప్రశ్నలు అడగడం మన హక్కు.

ఇంకో మాట. పుట్టినా, చనిపోయినా 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. 1969లో చేసిన చట్టం ఇది. మన ఊరి లెక్క సరిగా ఉండాలంటే ముందు ఆ పుస్తకం సరిగా ఉండాలి.

మళ్ళీ చూడాలి

పరీక్ష చేసి వదిలేస్తే పని అవ్వదు. దీనికి కూడా మన దగ్గరే రుజువు ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, 54 ఊళ్ళలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చారు. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి బీపీ చూశారు. ముప్పు ఎక్కువ ఉన్న వాళ్ళను డాక్టరు దగ్గరికి పంపారు. 2019లో ఫలితాలు వచ్చాయి. ఆశాలు పని బాగా చేశారు. డాక్టరు దగ్గరికి వెళ్ళిన వాళ్ళు పెరిగారు. కానీ అనుకున్నంతగా బీపీ అదుపులోకి రాలేదు.

దీంట్లో మనకొక పాఠం ఉంది. జబ్బు కనుక్కోవడం సగం పనే. మాత్రలు నెల నెలా దొరకాలి. డాక్టరు ఉండాలి. రోగి రోజూ మింగాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఫలితం రాదు. ఏ లంకె తెగిందో తెలియాలంటే ఆరు నెలలకి ఒకసారి మళ్ళీ కూర్చోవాలి. పాత కాగితం తియ్యాలి. అనుకున్నది అయ్యిందా? కాకపోతే ఎక్కడ ఆగింది? అని అడగాలి.

45 ఊళ్ళ లెక్క 2004 నాటిది. మన ఊరి ఈనాటి లెక్క వేరుగా ఉండవచ్చు. అందుకే ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగక్కర్లేదు.

మనం మొదట సంతకం నేర్చుకున్నాం. తర్వాత బస్సు బోర్డు చదివాం. ఇప్పుడు ఒక పుస్తకం కొని, పై పేజీలో మన ఊరి పేరు రాద్దాం. ఎవరు పోయారు, ఎందుకు పోయారు, ఏం చేస్తే బతికేవారు అని రాద్దాం. వచ్చే ఏడాది ఆ పుస్తకంలో ఒక్క పేరు తగ్గినా, మనం నేర్చుకున్న అక్షరం ఒక ఇంట్లో దీపం నిలబెట్టినట్టే.

గుర్తుంచుకోండి

30 ఏళ్ళు దాటితే ఏడాదికి ఒకసారి బీపీ, షుగరు చూపించుకోవాలి.

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, గుండెల మీద బరువు అనిపించినా వెంటనే 108.

రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించాలి. క్షయకి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం.

బతుకు మీద విరక్తి పుట్టిన మనిషిని ఒంటరిగా వదలకూడదు. కూర్చుని వినాలి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో చేతికందేలా ఉంచకూడదు. 14416 నంబరుకి ఏ వేళైనా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు.

మాట్లాడుకోండి

1. పోయిన ఏడాది మన ఊళ్ళో ఎంతమంది చనిపోయారు? వాళ్ళలో 60 ఏళ్ళ లోపు వాళ్ళు ఎందరు?

2. మన కుళాయి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు?

3. మన సంఘంలో ఎంతమంది బీపీ చూపించుకున్నారు? చూపించుకోని వాళ్ళు ఎందుకు చూపించుకోలేదు?

4. మన ఊరి పటం గీస్తే ఏ వీధిని మర్చిపోయే అవకాశం ఉంది? ఎందుకు?